మోకాలి లిగమెంటు దెబ్బ తర్వాత మళ్ళీ సైకిలు: గట్టు రోడ్ల మీద ఏం చూసుకోవాలి?

లంకదారి:
ఏసీఎల్ (మోకాలి మధ్యలో ఉండే లిగమెంటు), ఎంసీఎల్ (లోపలి పక్క లిగమెంటు), మెనిస్కస్ (కీలులో ఉండే మెత్తటి దిండు) దెబ్బలకి కొన్నాళ్ళు పోయాక డాక్టరు "సైకిలు తొక్కొచ్చు" అంటారు. ఆయన మనసులో ఉండేది ఆసుపత్రిలో నేలకి బిగించిన సైకిలు. మన గోదావరి డెల్టాలో ఉండేదేమో గేర్లు లేని పెద్ద బండి, కాలువ గట్టు, సముద్రం గాలి. ఆ బండి మీంచి ఈ బండి మీదకి ఎలా రావాలి? తెలిసినవాళ్ళు కొలతలతో చెప్పండి. "డెల్టా అంతా చదునే కదండీ, ఇబ్బందేముంది" అనే సలహా మాత్రం వద్దు. అది ఇప్పటికే ఊరందరూ ఇచ్చేశారు.

ఫిజియో_బల్ల:
పెడల్ పూర్తి చుట్టు తిరగాలంటే మోకాలు సుమారు 105 నుంచి 115 డిగ్రీలు మడవాలి. అంత మడవకపోతే పెడల్ పైకొచ్చే చోట నడుము ఓ పక్కకి ఎత్తేస్తారు. చూసేవాళ్ళకి చుట్టు తిరిగినట్టే ఉంటుంది, పని చేసింది మాత్రం నడుమే. పక్కన ఎవరినైనా నిలబెట్టి వెనకనుంచి చూడమనండి, తుంటి పైకి లేస్తే ఇట్టే తెలిసిపోతుంది.

అంతకన్నా ముందు మోకాలు పూర్తిగా చాపడం రావాలి. దీన్ని చాలామంది వదిలేస్తారు. వెల్లకిలా పడుకుని మడమ కింద తువ్వాలు చుట్ట పెడితే మోకాలు దానంతటది తిన్నగా దిగాలి. సైకిలు మీద పెడల్ అడుక్కి వెళ్ళినప్పుడు కూడా మోకాలిలో 25 నుంచి 35 డిగ్రీల వంపు ఉంటుంది. కాబట్టి ఎన్ని గంటలు తొక్కినా చాపలేని లోటు తీరదు. తొక్కుడు బాగానే సాగుతుంది, నడకలో కుంటు మిగిలిపోతుంది.

కాలం లెక్క అడుగుతారు కాబట్టి చెబుతున్నాను. ఏసీఎల్ కొత్తది వేసినవాళ్ళకి నేలకి బిగించిన సైకిలు మామూలుగా 2 నుంచి 6 వారాల మధ్య మొదలవుతుంది. బయట రోడ్డు మీదకి రావడం సుమారు 3 నెలలు దాటాకే. మెనిస్కస్‌కి కుట్టు పడితే 4 నుంచి 6 వారాలు బరువుకీ మడతకీ రెండింటికీ హద్దు పెడతారు. ఆ కుట్టు ఎక్కడ పడిందో చూసినవాడు సర్జనే, ఆయన చెప్పిందే లెక్క. ఎంసీఎల్ ఒక్కటే సాగి ఆపరేషన్ లేకుండా మానుతుంటే ఇంకా త్వరగానే వస్తారు గానీ, పాదం పక్కకి పోయి మోకాలు లోపలికి విరిగినట్టు వంగే పని ఏదీ కూడదు.

రోడ్డెక్కే ముందు మూడు చూసుకోండి. దెబ్బ తిన్న కాలు తిన్నగా చాపి ఎత్తినప్పుడు మోకాలు కొంచెం కూడా వంగకూడదు. ఆ ఒంటికాలి మీద 30 సెకన్లు నిలబడగలగాలి. సుమారు 20 సెంటీమీటర్ల మెట్టు మీంచి నెమ్మదిగా దిగుతుంటే మోకాలు బొటనవేలికి లోపలి పక్కకి పడిపోకూడదు. మూడోదానిలోనే ఎక్కువమంది ఆగిపోతారు.

ఫ్రీవీల్_22:
ఇంట్లో తొక్కడానికి వేరే యంత్రం కొననక్కర్లేదండి. మన పాత బండికి వెనక స్టాండు వేస్తే చక్రం నేల మీంచి లేస్తుంది. అది చాలు. కాకపోతే ఆ స్టాండు మనిషి బరువుకి చేసింది కాదు, ఊగితే కాళ్ళు వంగుతాయి. ఇరుసు నట్లు బిగించి, స్టాండు కాళ్ళ కింద చెక్క వేసి, ముందు చక్రాన్ని రెండు ఇటుకల మధ్య ఇరికించి, హ్యాండిల్‌ని స్తంభానికి తాడుతో కట్టాలి. ఎక్కడానికి గట్టి స్టూలు, పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి.

మొదటే ముందుకి పూర్తి చుట్టు తొక్కొద్దు. సగం చుట్టు ముందుకి, సగం చుట్టు వెనక్కి, బిగుతు తగిలిన చోటల్లా ఆగుతూ ఊపండి. పూర్తి చుట్టు చాలామందికి మొదట వెనక్కి తిప్పితేనే వస్తుంది. వెనక్కి తిప్పితే ఫ్రీవీల్ (వెనక చక్రానికుండే పళ్ళ చక్రం) జారిపోతుంది కాబట్టి చైను మీద బరువుండదు. అది సాఫీగా వచ్చాక ముందుకి. 5 నిమిషాలతో మొదలుపెట్టి, మర్నాడు వాపు లేకపోతే 2, 3 నిమిషాల చొప్పున పెంచుతూ 20 దాకా వెళ్ళొచ్చు.

గౌతమి_పెడల్:
ట్రైనర్ (సొంత బండినే బిగించి ఇంట్లో తొక్కే స్టాండు) కొనాలనుకునేవాళ్ళకి ఒక మాట. చక్రాన్ని రోలర్‌కి ఆనించే రకం ఎక్కువగా క్విక్ రిలీజ్ (నట్ల బదులు చేత్తో తిప్పే మీట ఉన్న) ఇరుసుల కోసం చేసినవి. నట్లున్న పాత బండి ఇరుసుకి సరిపడే మూతలు వాటితో రావు. కొనే ముందు బండి తీసుకెళ్ళి పెట్టి చూడండి.

వశిష్ఠ_గట్టు:
సీటు ఎత్తు సంగతి. చెప్పుల్లేకుండా సీటు మీద కూర్చుని, పెడల్‌ని అడుక్కి తెచ్చి, మడమ దాని మీద పెడితే కాలు తిన్నగా చాచుకోవాలి, తుంటి జారకూడదు. తర్వాత పాదం ముందు భాగం పెడల్ మీదకి తెస్తే కావలసిన వంపు దానంతటదే వస్తుంది. టేపుతో కావాలంటే గోడకి ఆనుకుని నేల నుంచి గజ్జ దాకా కొలిచి 0.883తో గుణించండి. 80 సెంటీమీటర్లయితే 70.6. అది క్రాంకు (పెడల్‌ని పట్టే కడ్డీ) తిరిగే ఇరుసు మధ్య నుంచి సీటు పైదాకా ఉండాల్సిన దూరం.

మన ఊళ్ళలో సీట్లన్నీ కిందికే ఉంటాయి, ఆగినప్పుడు రెండు పాదాలూ నేలకి ఆనాలని. మంచి మోకాలు దాన్ని భరిస్తుంది. దెబ్బ తిన్నదానికి పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ మడత ఎక్కువై చిప్ప మీద ఒత్తిడి పడుతుంది. అలాగని ఒక్కసారిగా పెంచెయ్యకండి. 5 మిల్లీమీటర్ల చొప్పున పెంచి, రెండు మూడు సార్లు తొక్కి చూశాక మళ్ళీ పెంచండి. సీటు గొట్టం రెండున్నర అంగుళాలైనా ఫ్రేములో ఉండాలి. గొట్టం మీద గీత ఉంటే ఆ గీత బయటికి రాకూడదు.

నొప్పి ఎక్కడో చూస్తే తప్పు ఎక్కడో చాలావరకు తెలుస్తుంది. చిప్ప చుట్టూ, ముందువైపు నొప్పయితే సీటు కిందికి ఉందనో, బాగా ముందుకి ఉందనో, బరువు తొక్కుడనో. మోకాలి వెనకయితే సీటు ఎక్కువ ఎత్తు. లోపలి పక్కో బయటి పక్కో అయితే పాదం తిరిగి ఉంది, పెడల్ ఇరుసు వంగిందేమో కూడా చూడండి. పాత బండ్లలో అది మామూలే.

లంకదారి:
బరువు తొక్కుడు అన్నారు. గేర్లు లేని బండికి దాన్ని తగ్గించే దారేమైనా ఉందా?

ఫ్రీవీల్_22:
ఉందండి, నా పేరే అది కదా. మీ బండికి ముందు చైన్ వీల్‌కి 44 పళ్ళు, వెనక ఫ్రీవీల్‌కి 18 ఉన్నాయనుకోండి (ముందు లెక్కపెట్టుకోండి, కొన్నిటికి 48 ఉంటుంది). 28 అంగుళాల చక్రానికి పెడల్ ఒక చుట్టు తిరిగితే బండి సుమారు ఐదున్నర మీటర్లు పోతుంది. గంటకి 12 కిలోమీటర్ల వేగంలో నిమిషానికి 37 చుట్లే. అంటే ప్రతి చుట్టూ గట్టిగా తొక్కుతున్నారన్నమాట. మానుతున్న మోకాలికి తేలిగ్గా, ఎక్కువ చుట్లు కావాలి.

వెనక 22 పళ్ళ ఫ్రీవీల్ వేస్తే అదే వేగానికి 45 చుట్లొస్తాయి, పెడల్ మీద పడే బలం 18 శాతం తగ్గుతుంది. 22 దొరక్కపోతే 20 వేసినా 10 శాతం తగ్గుతుంది. నాలుగు పళ్ళు పెరిగితే చైను ఒక అంగుళం చాలదు. ఇరుసు గాడిలో చక్రాన్ని అర అంగుళం ముందుకి జరిపే చోటుంటే పాత చైనే సరిపోతుంది, లేకపోతే ముక్క కలిపించాలి. చక్రం జరిపాక వెనక బ్రేకు రబ్బర్లు రిమ్ముకి సరిగ్గా ఆనవు, రాడ్డు బ్రేకయితే మరీను. షాపువాడు ఫ్రీవీల్ మార్చి పంపేస్తాడు, బ్రేకు సరిచెయ్యమని మీరే అడగాలి.

గేర్ల బండి ఉంటే పని సులువు. ముందున్న మూడు పళ్ళ చక్రాల్లో నడిమిది 34 పళ్ళది, వెనక 24 పళ్ళది పెడితే 26 అంగుళాల చక్రానికి నిమిషానికి 80 చుట్లతో గంటకి 14 కిలోమీటర్లు పోతారు. వేగం చూసుకోకండి, చుట్లు చూసుకోండి.

కాలువ_లాకు:
మీరంతా తొక్కడం గురించే చెబుతున్నారు. కూర్చుని తిన్నగా తొక్కుతుంటే ఏసీఎల్ మీద పడే భారం తక్కువే. తెగేది ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, ఉన్నట్టుండి కాలు ఆనించినప్పుడు. పాదం నేలకి అతుక్కుని ఒళ్ళు తిరిగితే చాలు.

మనవాళ్ళు ఎక్కే తీరు చూడండి. ఎడం పాదం పెడల్ మీద పెట్టి, కుడికాలితో రెండు మూడు గెంతులేసి, కదిలే బండి మీద కాలు వెనకనుంచి తిప్పి వేస్తారు. ఆ క్షణంలో ఒంటి బరువంతా ఎడం మోకాలి మీద, అదీ వంగి, ఊగుతూ. అది ఇక మానెయ్యాలి. బండి నిలబెట్టి, బాగున్న కాలు వైపు వంచి, కూర్చున్నాకే కదలాలి. ఎడం మోకాలికి దెబ్బయితే కుడివైపునుంచి ఎక్కడం నేర్చుకోండి. చైను వైపు కాబట్టి ప్యాంటు మడిచి క్లిప్పు పెట్టండి.

ఇంకా మంచిది, మొదటి మూడు నెలలు మధ్య కడ్డీ లేని లేడీస్ సైకిలు తీసుకోవడం. మగవాళ్ళకి మోకాలు పాడైనా పరవాలేదు గానీ లేడీస్ సైకిలంటే నామోషీ.

ఆగే చోటు కూడా ముఖ్యమే. గట్టు రోడ్డు అంచు కాలువ వైపో చేల వైపో జారి ఉంటుంది. అక్కడ కాలు దించితే నేల అనుకున్నదానికన్నా జానెడు కిందుంటుంది. తూము మీదో, లాకు దగ్గరో, వంతెన మొదట్లోనో చదునుగా ఉన్నచోట ఆగండి. ఎడం కాలు దెబ్బదైతే ఆగినప్పుడు కుడికాలు రోడ్డు వైపుకొస్తుంది కాబట్టి రోడ్డు పూర్తిగా దిగి ఆగాలి.

గౌతమి_పెడల్:
దానికి తోడు జారుడు. కోతలప్పుడు సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోస్తారు, గింజల మీద టైరు పక్కకి పోతుంది. భీమవరం వైపు చేపల, రొయ్యల లారీలు నీళ్ళు కారుస్తూ పోతాయి, మలుపుల్లో అది నూనెతో సమానం. వానాకాలం గట్టు బురద మడ్‌గార్డులో కూరుకుని చక్రం తిరగదు, అప్పుడు తోసుకుంటూ నడవాలి. తోసేటప్పుడు పాదం బురదలో దిగి తిరగడమే అసలు ప్రమాదం. ఆ రోజుల్లో తారు రోడ్డు తప్ప వేరేది వద్దు. హవాయి చెప్పులు అసలొద్దు, పెడల్ రబ్బరు తడిస్తే పాదం జారిపోతుంది. పాదాన్ని బిగించే క్లిప్పు పెడళ్ళ గురించి అడగబోయేవాళ్ళకి: విడిపించాలంటే మడమ పక్కకి తిప్పాలి, మోకాలికి ఇప్పుడు వద్దన్నది ఆ తిప్పుడే.

రేవుల్లో, సఖినేటిపల్లి–నరసాపురం కావచ్చు, కోటిపల్లి–ముక్తేశ్వరం కావచ్చు, పంటు (నది దాటించే పడవ) ఎక్కే ఏటవాలు తడిగా ఉంటుంది. బండి వేరేవాళ్ళ చేత తోయించి, మీరు చేతులు ఊపుకుంటూ నడవండి. సిగ్గుపడక్కర్లేదు.

వశిష్ఠ_గట్టు:
గాలి సంగతి మర్చిపోయారు. మనకి కొండల్లేవు, ఎక్కుడంటే గాలే. మీరు గంటకి 15 కిలోమీటర్లలో పోతుంటే ఎదురుగాలి 15లో వీస్తే, ఒంటికి తగిలేది 30. గాలి అడ్డు నాలుగింతలవుతుంది. ఎండాకాలం మధ్యాహ్నం దాటాక సముద్రం మీంచి గాలి లేస్తుంది. అప్పుడు అంతర్వేది వైపో ఓడలరేవు వైపో బయల్దేరారంటే మెట్టెక్కినట్టే. తెల్లారి గాలి పడి ఉన్నప్పుడు వెళ్ళి 8 లోపు తిరిగొచ్చెయ్యండి. గాలి తప్పదనుకుంటే ముందు ఎదురుగా పోయి, వచ్చేటప్పుడు వెన్నుగాలితో రండి. ఉల్టా చేస్తే అలిసిన మోకాలితో ఎదురీదాలి.

వంతెనలు కూడా ఎక్కుళ్ళే. చించినాడ, యెదుర్లంక, రాజమండ్రి–కొవ్వూరు రోడ్డు రైలు వంతెన, అన్నిటికీ ఎక్కే చోట వాలు, పైన అడ్డగాలి. లేచి నిలబడి తొక్కొద్దు. మొదటి నెలలు వంతెన ఈవలే వెనక్కి తిరగండి.

లంకదారి:
ఎంత దూరంతో మొదలుపెట్టాలి? ఎక్కువైందని ఎలా తెలుస్తుంది?

ఫిజియో_బల్ల:
దూరం కాదు, నిమిషాలు లెక్కపెట్టండి. చదును తారు రోడ్డు మీద 10 నిమిషాలు, రోజు విడిచి రోజు. వారానికి పదో వంతు పెంచుకుంటూ పోతే చాలు. తొక్కేటప్పుడు నొప్పి పదికి రెండు మూడు దాకా ఉన్నా పరవాలేదు, అసలు తీర్పు మర్నాడు పొద్దున్న. లేవగానే టేపుతో చిప్ప మధ్యగా చుట్టుకొలత తీసుకోండి, ప్రతిరోజూ ఒకే చోట, కాలు చాపి. మొన్నటికన్నా సెంటీమీటరు పెరిగితే ఆ రోజు తొక్కొద్దు, తర్వాత నిమిషాలు తగ్గించి మొదలుపెట్టండి. వాపుంటే తొడ ముందు కండ సరిగా బిగుసుకోదు, అందుకే వాపుతో తొక్కితే మోకాలు ఊగిసలాడుతుంది. వాచిన మోకాలికి నూనె రాసి గట్టిగా తోమించుకోవడం వద్దు, ఇంట్లో పెద్దవాళ్ళు ఎంత చెప్పినా సరే.

పిక్క వాచి నొప్పిగా వేడిగా ఉన్నా, మోకాలు బిగిసి కదలకపోయినా, నడుస్తుంటే పట్టు తప్పి కూలబడుతున్నా, జ్వరంతో మోకాలు ఎర్రబడినా సైకిలు ఆపి అదే రోజు డాక్టరు దగ్గరికి. ఆయాసం గానీ ఛాతీ నొప్పి గానీ తోడైతే అంబులెన్సే.

బాసింపట్టు, గొంతుకు కూర్చోవడం సైకిలుకన్నా ఎక్కువ మడత. సైకిలు వచ్చింది కదా అని పంక్తి భోజనానికి కింద కూర్చోకండి.

కాలువ_లాకు:
ఒకటి మిగిలింది. ఇక్కడ చాలామందికి సైకిలంటే షికారు కాదు, పాలక్యాన్లూ గడ్డిమోపులూ. 20 లీటర్ల క్యాను అంటే 20 కిలోలపైనే. ఖాళీ బండి మీద అరగంట వాపు లేకుండా తొక్కగలిగాకే క్యారియర్ మీద బరువు పెట్టాలి. రెండు వైపులా సమానంగా, వీలైనంత కిందికి, 5 కిలోలతో మొదలుపెట్టి. తొక్కేటప్పటికన్నా స్టాండు వేసేటప్పుడు జాగ్రత్త. ఒక పాదంతో స్టాండు తొక్కి పట్టి, నడుం తిప్పి బండిని వెనక్కి లాగుతాం కదా, అది అచ్చంగా ఏసీఎల్‌కి పనికిరాని కదలిక. బరువు దించాకే స్టాండు వెయ్యండి. కుదరకపోతే గోడకి ఆనించండి.

లంకదారి:
ఆయ్, మంచిదండి. ఫ్రీవీల్ గారూ, 48 పళ్ళున్న బండికి కూడా 22 చాలుతుందా?

ఫ్రీవీల్_22:
48కి 22 వేస్తే చుట్టుకి దాదాపు 4.9 మీటర్లు, అంటే 44కి 20 వేసినదానితో సమానం. పాత దానికన్నా నయమే. ఇంకా తగ్గాలంటే ముందు చైన్ వీలే 44కి మార్చాలి. కాటరు పిన్ను (క్రాంకుని ఇరుసుకి బిగించే మేకు) ఊడదీసే పని కాబట్టి షాపులోనే చేయించి, కొత్త పిన్ను వేయించండి. పాతది సుత్తితో కొట్టి మళ్ళీ ఎక్కిస్తే క్రాంకు ఊగుతుంది.