అప్‌డేట్: తాతయ్య పోస్ట్‌కార్డులోని కొండదారి ఏదో తెలిసింది!

గుంటూరులో తాతయ్య ట్రంకుపెట్టెలో దొరికిన పోస్ట్‌కార్డు మీది ఘాట్ రోడ్డు ఎక్కడిదని పోయిన వారం అడిగాను కదా. అది అమెరికాలో, మోంటానాలోని గ్లేషియర్ నేషనల్ పార్కులో ఉన్న గోయింగ్ టు ద సన్ రోడ్డు. భూతద్దం పెట్టి చూస్తే చిరిగిన అంచు దగ్గర ‘లోగన్’ అన్న అక్షరాలు కనిపించాయి. అంటే ఆ రోడ్డు మీద ఉన్న లోగన్ పాస్ అనే కనుమ, 2,026 మీటర్ల ఎత్తు.

నాకు బాగా నచ్చిన సంగతి ఇంకోటుంది. మొదటి ప్లానులో 15 మెలికలు ఉండేవట. అన్ని మెలికలు పెడితే కొండ అందం చెడుతుందని నేషనల్ పార్కుల శాఖలో ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ అయిన థామస్ వింట్ అనే ఆయన పట్టుబట్టి, కొండ పక్కనే తొలిచి, ఒకే ఒక్క పెద్ద మలుపుతో దారి వేయించారు. 1932లో పూర్తయింది, 1933 జూలైలో ప్రారంభించారు. ఎంత మంచి ఆలోచనో!

కార్డు వెనక సిరా వెలిసిపోయింది. నానమ్మ కొంగుతో మెల్లగా తుడిచి చాలాసేపు చూసింది. ఎవరు పంపారో మాత్రం ఆవిడకీ గుర్తు రాలేదు. సాయం చేసిన అందరికీ చాలా థ్యాంక్స్ అండీ.