పోటీలో నిలవాలంటే మన స్వభావాన్ని వదులుకోవలసిందేనా?

ప్రశ్న: అట్టపెట్టె

నమస్కారం. సరుకుల రవాణాకు వాడే అట్టపెట్టెలను తయారు చేసే చిన్న సంస్థను నేను నడుపుతున్నాను. నాణ్యత విషయంలో గాని, సరుకు అందించే గడువు విషయంలో గాని మా మీద ఫిర్యాదులు అరుదు, ఉన్న కొనుగోలుదారులు మమ్మల్ని వదిలి వెళ్ళడం అంతకన్నా అరుదు. చిక్కంతా కొత్త ఒప్పందాలు కుదుర్చుకునేటప్పుడు, పాత ఒప్పందాల ధరలను సవరించుకునేటప్పుడు వస్తోంది. కాగితం ధర పెరిగిన మరునాడే పోటీ సంస్థల యజమానులు ఏ మొహమాటమూ లేకుండా రేటు పెంచుతారు. ఇంకొకరి ఆర్డరును దక్కించుకోవాలనుకుంటే అంతే నిస్సంకోచంగా తగ్గిస్తారు. నేను మాత్రం ముందుగా ఫోను చేసి, కారణాలు వివరించి, ఎదుటివారి ఇబ్బందులన్నీ విని, చివరికి నాకు గిట్టుబాటయ్యే ధరకన్నా తక్కువకే ఒప్పుకుని వస్తుంటాను.

ఈమధ్య ఒక వ్యాపార సలహాదారు, "మీరు మరీ మెత్తగా ఉన్నారు, బేరంలో మగవాళ్ళలా గట్టిగా నిలబడడం నేర్చుకోండి" అన్నారు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. ఎదుటివారు చెప్పేది ఓపికగా వినడాన్ని, దాపరికం లేకుండా మాట్లాడడాన్ని నేను బలహీనతలుగా భావించడం లేదు. కొనుగోలుదారులు ఇన్నేళ్ళుగా మాతో ఉన్నది అందువల్లనే అని నా నమ్మకం. అయితే ఇందులో నా స్వభావమెంత, స్వభావమని నేను పేరు పెట్టుకున్న బెరుకెంత అన్నది నాకే స్పష్టంగా తెలియడం లేదు. మరొకరి వేషం వేసుకోకుండా పోటీలో నిలబడిన స్త్రీలు ఈ రెండింటినీ ఎలా వేరు చేసుకున్నారో అనుభవం గలవారు, ఈ విషయం చదివినవారు చెప్పగలరా?

సమాధానం: పరిశోధక విద్యార్థిని

మీ సలహాదారు మాటలో ఒక ఊహ దాగి ఉంది. పోటీతత్వం పురుషులకు పుట్టుకతో వచ్చే గుణమని, స్త్రీలు దానిని అరువు తెచ్చుకోవాలని ఆయన ముందే నిర్ణయించుకున్నారు. ఈ ఊహను ఆర్థికవేత్తలు ప్రయోగాలతో పరీక్షించారు. మ్యూరియల్ నీడర్లే, లీజ్ వెస్టర్లండ్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో కొంతమందికి నిర్ణీత సమయంలో రెండంకెల సంఖ్యల కూడికలు చేసే పని ఇచ్చారు. ప్రతి సరైన జవాబుకు ఇంతని తీసుకుంటారా, లేక గెలిచినవారికే మొత్తం దక్కే పోటీలో దిగుతారా అని అడిగినప్పుడు పురుషులలో 73 శాతం, స్త్రీలలో 35 శాతం పోటీని ఎంచుకున్నారు. కూడికలు చేసే సామర్థ్యంలో మాత్రం వారి మధ్య తేడా లేదు. చాలామంది ఈ ఫలితాన్ని ఇక్కడివరకే చెప్పి ఆపేస్తారు. అదే అధ్యయనంలో, బాగా చేయగల స్త్రీలు దిగవలసినంతగా పోటీకి దిగలేదని, అంతగా చేయలేని పురుషులు మితిమీరి దిగారని కూడా తేలింది. గట్టిగా నిలబడేవారిలో కొందరు నష్టపోవడానికే నిలబడుతున్నారన్నమాట. వారిని ఆదర్శంగా తీసుకోమని చెప్పడం ఎంతవరకు సబబో మీరే ఆలోచించండి.

ఇక ఇది పుట్టుకతో వచ్చే గుణమేనా అన్న ప్రశ్నకు 2009లో యూరీ గ్నీజీ, కెనెత్ లెనర్డ్, జాన్ లిస్ట్ ప్రచురించిన పరిశీలన మంచి జవాబు ఇస్తుంది. వారు పితృస్వామ్య సమాజమైన టాంజానియాలోని మసాయిలను, ఆస్తి తల్లి నుంచి కూతురికి సంక్రమించే మేఘాలయలోని ఖాసీలను ఎంచుకుని, బంతిని బకెట్‌లోకి విసిరే ఆటలో ఇదే ఎంపికను వారి ముందు పెట్టారు. మసాయిలలో 50 శాతం పురుషులు, 26 శాతం స్త్రీలు పోటీని కోరుకోగా, ఖాసీలలో 54 శాతం స్త్రీలు, 39 శాతం పురుషులు కోరుకున్నారు. దీన్నిబట్టి పోటీకి దిగాలన్న ఉత్సాహంలో పెంపకానికి, ఆస్తి మీద ఉన్న హక్కుకు పెద్ద పాత్రే ఉన్నదని అనుకోవచ్చు.

అలాగని మీ బెరుకుకు ఆధారమే లేదని నేను అనను. హానా రైలీ బోల్స్, లిండా బాబ్‌కాక్, లే లాయ్ 2007లో ప్రచురించిన ప్రయోగాలలో, జీతం పెంచమని బేరమాడిన స్త్రీలతో కలిసి పనిచేయడానికి జనం ఇష్టపడకపోవడం, అదే పని చేసిన పురుషుల విషయంలో కన్నా ఎక్కువగా కనిపించింది. అంటే "మగవాళ్ళలా నిలబడండి" అన్న సలహాను ఉన్నది ఉన్నట్టుగా పాటిస్తే, ఆ ప్రవర్తనకు పురుషులు చెల్లించని మూల్యాన్ని మీరు చెల్లించవలసి రావచ్చు. ఎమిలీ అమనతుల్లా, మైకేల్ మోరిస్ 2010లో చేసిన పరిశోధన మీకు ఇంకా దగ్గరగా వస్తుంది. తమ కోసం అడిగేటప్పుడు ఎదుటివారు ఏమనుకుంటారోనని వెనక్కి తగ్గిన స్త్రీలు, మరొకరి తరఫున అడిగేటప్పుడు పురుషులతో సమానంగా నిలబడ్డారు. ధర విషయంలో మీరు అడుగుతున్నది మీ ఒక్కరి కోసం కాదు. మీ కార్మికుల జీతాలు, కొత్త యంత్రాల ఖర్చు ఆ ధర మీదే ఆధారపడి ఉన్నాయి. ఇది కేవలం మనసుకు చెప్పుకునే ఊరట అనుకోకండి, బేరానికి కూర్చునే ముందు ఆ లెక్కను కాగితం మీద రాసుకుని వెళ్ళండి.

మరొక్క సంగతి. అంకుర సంస్థలకు పెట్టుబడి పెట్టేవారు అడిగే ప్రశ్నలను డానా కాంజ్, ఆమె సహచరులు పరిశీలించి 2018లో ప్రచురించారు. పురుషులను ఎక్కువగా "ఎంత పెరుగుతారు" అని, స్త్రీలను ఎక్కువగా "నష్టం రాకుండా ఏం చేస్తారు" అని అడుగుతున్నారని, స్త్రీ పెట్టుబడిదారులూ ఇందుకు మినహాయింపు కాదని వారు గమనించారు. నష్టం గురించి అడిగినప్పుడు నష్టం గురించే చెప్పి ఊరుకున్నవారికన్నా, జవాబును ఎదుగుదల వైపు మళ్ళించినవారికి ఎక్కువ పెట్టుబడి వచ్చింది. "సరుకు ఆలస్యమైతే ఎలా?" అని కొనుగోలుదారు అడిగితే ఒక్క వాక్యంలో జవాబు చెప్పి, మీ సామర్థ్యం పెరిగితే వారికి కలిగే లాభం వైపు మాటను తిప్పండి. ఇందుకు స్వభావాన్ని మార్చుకోనక్కరలేదు.

సమాధానం: కొనుగోలు విభాగం, విశ్రాంతి

అమ్మా, నేను చాలాకాలం బల్లకు అవతలి వైపు కూర్చున్నవాణ్ణి. సరఫరాదారులతో ధరలు మాట్లాడడమే నా ఉద్యోగం. అవతలి వైపు నుంచి చూస్తే మీ సమస్య మెత్తదనం కాదు. కాగితం ధర మారిన ప్రతిసారీ మీరు బేరాన్ని మొదటినుంచి మొదలుపెట్టవలసి రావడమే అసలు సమస్య. కొనుగోలు విభాగానికి కావలసింది సరిగ్గా అదే. ధర ఎప్పటికప్పుడు మాట్లాడుకునేదిగా ఉన్నంతకాలం, ఓపిక ఎక్కువున్న మనిషే నష్టపోతాడు, స్త్రీ అయినా పురుషుడైనా.

కాబట్టి ధరను రెండు భాగాలుగా విడదీయండి. పెట్టె ఖర్చులో సింహభాగం క్రాఫ్ట్ కాగితానిదే, అంటే అట్ట తయారీకి వాడే గట్టి కాగితానిదే కనుక, ఫలానా తేదీనాటి కాగితం ధరను ఒప్పందంలో ప్రాతిపదికగా రాయించి, అది ఇంత శాతం దాటి పెరిగినా తగ్గినా పెట్టె ధర ఇంత మేరకు దానంతటదే మారుతుందని ఒక షరతు చేర్పించండి. తగ్గినప్పుడు కూడా తగ్గిస్తానని మీరే ముందుగా చెప్పడం వల్ల ఆ షరతుకు విశ్వసనీయత వస్తుంది, దాపరికం లేని మీ పద్ధతికీ అది సరిపోతుంది. మార్పిడి ఖర్చు, అంటే కూలి, కరెంటు, జిగురు, రవాణా వంటివి, ఏడాదికి ఒక్కసారే మాట్లాడుకోవాలి. ఆ తరువాత మీరు ఎంత మృదువుగా మాట్లాడినా నష్టం లేదు, ఎందుకంటే గట్టిగా ఉండే పనిని ఒప్పందం చేస్తుంది.

రెండవది, బాకీ గడువు. ధర తగ్గించబోమని ధైర్యంగా చెప్పి, ముప్పై రోజుల గడువును తొంభై రోజులకు పెంచడానికి నవ్వుతూ ఒప్పుకున్న సరఫరాదారులను నేను ఎందరినో చూశాను. ఆ అరవై రోజుల వడ్డీ వారు ఇచ్చిన తగ్గింపే గాని వేరు కాదు. కొందరు ఆ లెక్క వేసుకునేవారే కాదు, మేము మాత్రం వేసుకునేవాళ్ళం. పోటీదారు మీకన్నా తక్కువ ధర చెప్పాడని కొనుగోలుదారు అన్నప్పుడు, ఆ ధర ఎన్ని జీఎస్ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాముల బరువు) కాగితానికి, ఎన్ని పొరల పెట్టెకు, ఎన్ని రోజుల గడువుకు చెప్పినదో అడగండి. ఓపికగా వినే అలవాటు మీకు ఉపయోగపడేది సరిగ్గా అక్కడే. సగం సందర్భాలలో అది మీరు చేసే పెట్టె అయి ఉండదు.

సమాధానం: ముసాయిదా

పై ఇద్దరూ స్వభావం అనేదొకటి స్థిరంగా ఉన్నట్టు, దానిని కాపాడుకుంటే చాలునన్నట్టు మాట్లాడారు. నాకు అందులో కొంత అభ్యంతరం ఉంది. హెర్మీనియా ఇబార్రా 1999లో, కొత్త బాధ్యతలలోకి వచ్చిన కన్సల్టెంట్లను, పెట్టుబడి బ్యాంకర్లను పరిశీలించి, వారు తమ పైవారిని గమనిస్తూ, వారి తీరులో కొంత తాత్కాలికంగా ప్రయత్నించి చూస్తూ, తమకు నప్పినదానిని ఉంచుకుని నప్పనిదానిని వదిలేస్తూ కొత్త రూపం సంతరించుకున్నారని రాశారు. ఒకే ఒక ఆదర్శాన్ని పట్టుకున్నవారికన్నా పలువురి నుంచి కొద్దికొద్దిగా తీసుకున్నవారికి అది తమదైన శైలిగా మారింది. మొదటిసారి "ఈ ధరకు నేను ఇవ్వలేను" అని చెప్పి మౌనంగా కూర్చోవడం మీకు వేషంలాగే అనిపిస్తుంది. అసౌకర్యంగా ఉన్నంత మాత్రాన అది మీది కాదని తేల్చకండి. ఎదుటివారికి అబద్ధం చెప్పవలసి వచ్చిందా అని మాత్రం చూసుకోండి. చెప్పవలసి రాకపోతే, అది అలవాటు కాని పని మాత్రమే, మీ స్వభావానికి విరుద్ధమైన పని కాదు.

సమాధానం: వాటాదారు

మీరు వ్యాపారం పెంచే ఆలోచనలో ఉంటే ఒక మాట. మనలా మనం ఉండగలగడం బేరపు బల్ల దగ్గర కన్నా వాటాల పట్టికలో, అంటే సంస్థలో ఎవరికెంత వాటా ఉందన్న లెక్కలో, ఎక్కువగా తేలుతుంది. అనీటా రాడిక్ 1976లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో బాడీ షాప్ అనే సౌందర్య సాధనాల దుకాణం ప్రారంభించినప్పుడు, రెండవ దుకాణం తెరవడానికి బ్యాంకు అప్పు దొరకక, పరిచయస్థుడైన ఒక గ్యారేజీ యజమాని నుంచి 4,000 పౌండ్లు తీసుకుని వ్యాపారంలో సగం వాటా ఇచ్చారు. సంస్థ 1984లో స్టాక్ మార్కెట్‌లోకి వెళ్ళింది, 2006లో ఫ్రెంచి సౌందర్య సాధనాల కంపెనీ లోరియాల్ చేతికి చేరింది. జంతువుల మీద ప్రయోగాలను వ్యతిరేకించడంలో పేరు పొందిన సంస్థను, ఆ ప్రయోగాల విషయంలోనే విమర్శలు ఎదుర్కొన్న కంపెనీకి అమ్మడమేమిటని అప్పట్లో ఆమె మీద తీవ్ర విమర్శలు వచ్చాయి. సారా బ్లేక్లీ 2000లో 5,000 డాలర్ల సొంత పొదుపుతో స్పాంక్స్ అనే స్త్రీల లోదుస్తుల సంస్థను మొదలుపెట్టి, బయటి పెట్టుబడి తీసుకోకుండా, 2021లో మెజారిటీ వాటాను బ్లాక్‌స్టోన్ అనే పెట్టుబడి సంస్థకు అమ్మేవరకు యాజమాన్యమంతా తన దగ్గరే ఉంచుకున్నారు. రాడిక్ చేసింది తప్పని నేను చెప్పడం లేదు. బ్యాంకు తలుపు తెరవనప్పుడు ఆమె ముందున్న దారులు ఎన్ని? మీరు మాత్రం పెట్టుబడి కోసం వెళ్ళే ముందు, ఏ నిర్ణయాలను మరొకరి ఓటుకు వదలకూడదో రాసిపెట్టుకోండి.

ప్రశ్నించినవారి స్పందన: అట్టపెట్టె

అందరికీ కృతజ్ఞతలు. వాటాల సంగతి నాకు ఇప్పట్లో అవసరం పడదు గాని, కాగితం ధరకు ముడిపెట్టే షరతు గురించి, అబద్ధం చెప్పవలసి వచ్చిందా అన్న పరీక్ష గురించి చాలాసేపు ఆలోచించాను. నేను తక్కువకు ఒప్పుకున్న సందర్భాలను తిరిగి చూసుకుంటే, చాలావాటిలో "మాకు ఇది గిట్టుబాటవుతుంది" అని చెప్పి వచ్చాను, అది నిజం కాదు. దాపరికం లేని మనిషినని నన్ను గురించి నేను అనుకుంటున్నది అక్కడ నిలవడం లేదు. ఇక ఒక సందేహం మిగిలింది. మాకు అతిపెద్ద కొనుగోలుదారు ఒక్కరే సుమారు సగం ఆర్డర్లు ఇస్తారు. ఈ షరతును మొదట వారి ముందు పెట్టడం మంచిదా, చిన్న కొనుగోలుదారులతో మొదలుపెట్టడం మంచిదా?

సమాధానం: కొనుగోలు విభాగం, విశ్రాంతి

చిన్నవారితో మొదలుపెట్టండమ్మా. ఇద్దరు ముగ్గురు ఒప్పుకున్న తరువాత, "మా ఒప్పందాలన్నీ ఈ పద్ధతిలోకి మారుతున్నాయి" అని పెద్దవారితో అన్నప్పుడు అది నిజమే అవుతుంది. పైగా తన ఒక్కడినే గట్టిగా అడుగుతున్నారన్న భావన కొనుగోలు అధికారికి కలగదు, తన పైవారికి చెప్పుకోవడానికి కూడా అతనికి వీలుగా ఉంటుంది. కాగితం ధర పెరిగాక అడిగితే రేటు పెంచడానికి వేసిన ఎత్తుగడ అనుకుంటారు కనుక, ధర నిలకడగా ఉన్న నెలలోనే అడగండి. ఈలోగా ఆ ఒక్క కొనుగోలుదారు వాటా సగం నుంచి మూడవ వంతుకు తగ్గేలా కొత్త ఆర్డర్లు వెతకండి. సగం ఆర్డర్లు ఒక్కరి చేతిలో ఉన్నప్పుడు ఎంత గట్టి మనిషైనా మెత్తబడక తప్పదు.