"ఒంటివాఁడ నాకు..." పద్యం: వామనుడు బలితో అబద్ధమాడాడా?

ప్రశ్న: ఫాంటసీ నవలల్లో మంచి చెడులు కలగలిసిన హీరోలు, విలన్లు కొత్త అంటారు. పోతన భాగవతం అష్టమ స్కంధంలో యాచకుడు దేవుడు, దాత రాక్షసుడు. "ఒకటి రెండడుగులు" అని అడిగి లోకాలన్నీ లాక్కోవడం మోసం కాదా?

జవాబు: పద్యం పూర్తిగా చూడండి.

ఒంటివాఁడ నాకు నొకటి రెం డడుగుల
మేర యిమ్ము సొమ్ము మేర యొల్ల
గోర్కిఁ దీర బ్రహ్మకూకటి ముట్టెద
దానకుతుకసాంద్ర! దానవేంద్ర!

కూకటి అంటే సిగ. "బ్రహ్మ సిగ ముట్టుకున్నంత సంబరం" అని బలి చెవికి వినిపిస్తుంది. ఆ తర్వాత "ఇంతింతై" పద్యంలో వటుడు, అంటే వామనుడు, పెరిగి పెరిగి "సత్యపదోన్నతుం"డవుతాడు. సత్యపదం బ్రహ్మ ఉండే సత్యలోకమే. అంటే ముట్టుకుంటానన్న మాట అక్షరాలా జరిగింది. అడుగులూ అంతే: రెండింటితోనే భూమీ ఆకాశమూ అయిపోయాయి, మూడోదానికి చోటే మిగల్లేదు.

ఇంకోటి, "గొడుగో జన్నిదమో" పద్యం చివర: మూడడుగులిస్తే చాలు, అది "బ్రహ్మాండంబు నా పాలికిన్". మనం రోజూ "బ్రహ్మాండం!" అంటామే, ఆ అర్థంలో వినయం. పాలు అంటే వాటా అని విడదీస్తే, బ్రహ్మాండం నా వాటాకొస్తుందని ముందే చెప్పేశాడు.

ఇంకొకరు: కాబట్టి బొంకలేదు, కానీ ఎదుటివాడు వేరేగా అర్థం చేసుకునేలా మాట్లాడాడు. దీన్ని లీల అని దాటేస్తే పద్యంలో పస పోతుంది. పక్కన బలి గురువు శుక్రుణ్ణి పెట్టండి. "వారిజాక్షులందు వైవాహికములందు" అంటూ ఎక్కడెక్కడ బొంకొచ్చో జాబితా ఇస్తాడు: ఆడవాళ్ల దగ్గర, పెళ్లి విషయంలో, ప్రాణ విత్త మానాలకు ముప్పొచ్చినప్పుడు, గోవుల్నీ బ్రాహ్మణుల్నీ కాపాడేటప్పుడు. జనం దీన్ని లోకనీతిలా వల్లిస్తారు గానీ, చెప్పింది రాక్షసగురువు, వినాల్సినవాడు వినలేదు.

మూడో పద్యం బలిది:

సూనృతంబుఁ గాని సుడియదు నా జిహ్వ
బొంకజాల నాకు బొంకు లేదు

ఇక్కడ "నుడియదు" అని రాస్తుంటారు. ఇది ఆటవెలది అనే ఛందస్సు. ఇందులో పాదం మొదటి అక్షరంతో నాలుగో గణం (అక్షరాల గుంపు) మొదటి అక్షరం సరిపోలాలి, అదే యతి. "సూ"కి "సు" కుదురుతుంది, "ను" కుదరదు. సూనృతం అంటే నిజం, సుడియదు అంటే తిరగదు. నిజం వైపు తప్ప నాలుక తిరగదు అనడంలో ఉన్న బలం "నుడియదు"లో రాదు కూడా.

రెండర్థాల మాట, ఒప్పుకోదగ్గ అబద్ధం, అసలు బొంకనన్న మాట: మూడూ ఆటవెలదులే.

ప్రశ్న అడిగినవారు: అయితే బలే హీరో అనుకోవచ్చా?

జవాబు: తొందరపడకండి. ఇంద్రుడి స్వర్గాన్ని దండెత్తి పుచ్చుకున్నది బలే. పైగా అతను మోసపోలేదు. వచ్చినవాడు విష్ణువని శుక్రుడు ముందే చెప్పాడు, తెలిసే ధారపోశాడు. "కారే రాజులు" పద్యం ఆ హెచ్చరికకు జవాబే. అందులో క్రియల్ని గమనించండి. కారే, కలుగవే, పొందరే, ఈరే: వ్యతిరేక రూపాలు, వీటికి జవాబు "అవును". చాలిరే, కలదే, మఱచిరే: వీటికి జవాబు "లేదు". ఈ తేడా పట్టుకోకుండా "రాజులు కారు" అని చదివితే పద్యం తలకిందులవుతుంది.

ఇంకొకరు: ఇంత చేసినా వరుణపాశాలతో కట్టించుకున్నది బలే. ఆ తర్వాత సుతలమనే కింది లోకంలో అతని వాకిట కాపలా కాసేది విష్ణువు. పోతన ఎవరి పక్షమో తేల్చమంటే నేను తేల్చను గానీ, సూటి మాటలన్నీ మాత్రం బలి నోటే పెట్టాడు.