కుంతల కుమారియా, కుంతళ కుమారియా? ఒడియా పేర్లు తెలుగులో రాయడం

ప్రశ్న: ఒడియా కవయిత్రి, నవలాకారిణి, డాక్టరు కుంతల కుమారి (1901–1938) ఇంటిపేరు సబత్, సాబత్, సావత్ అని మూడు రకాలుగా కనిపిస్తోంది. ఏది సరి? ఆమె పుస్తకాల పేర్లు ఎలా రాయాలి?

జవాబు: ఇంగ్లీషు స్పెల్లింగు పక్కనపెట్టి ఒడియా లిపి చూడండి. అందులో ఉన్నది కుంతళా కుమారీ సాబత. ఒడియాకు ల, ళ రెండూ ఉన్నాయి. ఇంగ్లీషులోకి వెళ్లగానే ళ పోతుంది. 1925లో ఆమెకిచ్చిన బిరుదు 'ఉత్కళ భారతి'ని ళతోనే రాస్తాం కదా, పేరుకేం వచ్చింది? చివరి దీర్ఘాలు మన అలవాటు ప్రకారం కుదించుకోవచ్చు. ఇంటిపేరు మాత్రం సాబత. ఒడియావాళ్లు చివరి అచ్చును మింగరు.

మరొకరు: సంస్కృతంలో కుంతలమే. తెలుగులోనూ కుంతలాలే అంటాం.

జవాబు: నిజమే. అచ్చుల మధ్య లకారం ఒడియాలో చాలాచోట్ల ళ అవుతుంది. మామూలు మాటైతే మన రూపమే రాయాలి. ఇది మనిషి పేరండీ, ఆ భాషలో ఉన్నట్టే ఉంచాలి.

బ, వ దగ్గర జాగ్రత్త. ఒడియా ఉచ్చారణలో వ సాధారణంగా బ అయిపోతుంది. సంస్కృతం నుంచి వచ్చిన తత్సమమైతే మనం వ రాయాలి: 'దేబీ' కాదు, దేవి. సాబత లాంటివాటికి బ ఉంచేయండి. ఋ విషయంలో అదృష్టవంతులం, వాళ్లూ మనలాగే 'రు' అంటారు. ఆమె మరణానంతరం వచ్చిన కావ్యం 'గడజాత కృషక'ను 'క్రిషక్' చేయనక్కర్లేదు. గడజాత అంటే ఒడిశా కొండ సంస్థానాలు. 'గర్జత్' అని రాస్తే ఏదో గర్జన అనుకుంటారు!

మరొకరు: లిపి సరిగ్గా దించినా అర్థం దగ్గర బోల్తా పడొచ్చు. 'ఉచ్ఛ్వాస' ఆమె కవితా సంపుటి. మనకు ఉచ్ఛ్వాసమంటే గాలి పీల్చడం. డాక్టరుగారి పుస్తకం కాబట్టి ఊపిరితిత్తుల గురించేమో అనుకునే ప్రమాదముంది. ఒడియాలో అది భావోద్వేగం పొంగిరావడం. 'కాళీ బోహూ' నవలలో కాళి అమ్మవారు కాదు, నల్లపిల్ల. బోహూ అంటే కోడలు.

ప్రశ్న: ఆమె సంపాదకత్వంలోని పత్రికలు 'మహావీర్', 'జీవన్' కూడా మహావీర, జీవన అనేనా?

జవాబు: కాదండీ. జగదల్‌పూర్‌లో పుట్టి, కటకంలో వైద్యం చదివిన ఆవిడ 1928లో ఢిల్లీ వెళ్లారు. అక్కడ నడిపినవి హిందీ పత్రికలు, పొల్లు ఉండాల్సిందే. ఆమె మరో పత్రిక 'నారీ భారతి'కి ఆ గొడవే లేదు.