పళ్లకు క్లిప్పులు: శుభ్రం, నొప్పి, తిండి విషయంలో మీకు పనికొచ్చినవి చెప్పండి

వెన్నెలవాకిలి
మా అమ్మాయికి పదమూడేళ్లు. ఈ వారమే పైన, కింద రెండు వరుసలకూ క్లిప్పులు పెట్టారు. మెత్తటివి తినిపించండి, బాగా తోమించండి అని చెప్పి పంపారు. ఆ "బాగా" అంటే ఎలాగో తెలియక ఇక్కడ అడుగుతున్నాను. తీగ అడ్డంగా ఉంటే బ్రష్ లోపలికి ఎలా వెళ్తుంది? నొప్పికి పిల్ల సరిగ్గా తినడం లేదు. బుగ్గ లోపల ఒరుసుకుని ఎర్రబడింది. బ్రష్ తగిలితే క్లిప్పు ఊడిపోతుందేమోనని దానికి ఒకటే టెన్షన్. మీరు పెట్టించుకున్నా, పిల్లలకు పెట్టించినా, ఏం చేశారో కాస్త వివరంగా చెప్పండి.

నీలిగాలి
ముందు నొప్పి సంగతి చెబుతానండీ. అది తగ్గితే గానీ పాప బ్రష్ పట్టదు. క్లిప్పులు పెట్టిన కొన్ని గంటలకు మొదలై, మర్నాటికి బాగా ఎక్కువవుతుంది. తర్వాత తగ్గుతూ వచ్చి వారానికల్లా చాలామందికి పోతుంది. టైట్ చేసిన ప్రతిసారీ కొంత నొప్పి ఉంటుంది కానీ నాకైతే మొదటిసారి అంత ఎప్పుడూ అనిపించలేదు.

చల్లటి నీళ్లు కొంచెం కొంచెంగా నోట్లో పట్టి ఉంచమనండి. మొదట్లో వేసే సన్నటి తీగ సాధారణంగా నికెల్, టైటానియం కలిసిన లోహం. అందులో చాలా రకాలు వేడికి బిగుసుకుంటాయి, చల్లదనానికి కాసేపు మెత్తబడతాయి. నొప్పి ఉన్న రోజుల్లో వేడివేడిగా తాగితే లాగినట్టు ఉండటానికి కారణం ఇదే. నాకు ఈ ఒక్క విషయం తెలిశాక సగం బాధ తగ్గింది.

తిండి దగ్గర, మొదటి రోజుల్లో నమలక్కర్లేనివే పెట్టండి. తర్వాత ఏదైనా సరే చిన్న ముక్కలు చేసి వెనక పళ్లతో నమలడం అలవాటు చేయించండి. ముందు పళ్లతో కొరకడం చికిత్స అయ్యేదాకా వద్దు.

తెల్లకోటు
నేను ఆర్థోడాంటిస్ట్ దగ్గర సహాయకురాలిగా పనిచేస్తున్నాను. వెన్నెలవాకిలి గారూ, తోమితే క్లిప్పు ఊడదు. ఈ మాట పాపకు గట్టిగా చెప్పండి. గట్టి తిండి కొరికినా, పెన్ను నమిలినా, ఐసు ముక్కలు కొరికినా ఊడుతుంది గానీ మెత్తటి కుంచెతో కాదు.

తోమే పద్ధతి చెబుతాను. అద్దం ముందు నిలబడి బ్రష్‌ను చిగురు వైపు 45 డిగ్రీలు వంచి, చిగురుకీ క్లిప్పుకీ మధ్యనున్న సన్నటి జాగాలో చిన్నచిన్నగా తిప్పాలి. అందరూ వదిలేసేది ఆ జాగానే. తర్వాత బ్రష్‌ను అవతలి వైపుకి వంచి క్లిప్పుకీ పంటి కొసకీ మధ్య తోమాలి. ఆ తర్వాత క్లిప్పు ముఖం మీద. లోపలి వైపు, నమిలే వైపు మామూలుగానే. తీగ కిందకి మాత్రం మామూలు బ్రష్ వెళ్లదు. దానికి చిన్న సీసాలు కడిగే బ్రష్‌లా ఉండే ఇంటర్‌డెంటల్ బ్రష్ కావాలి. తీగ వెనక నుంచి పైకీ కిందకీ దూర్చి రెండు క్లిప్పుల మధ్య లాగాలి. మొదట్లో పది నిమిషాలు పడుతుంది, చెయ్యి తిరిగాక ఐదు నిమిషాల్లో అవుతుంది. రోజుకు కనీసం రెండుసార్లు ఇలా చెయ్యాలి. రాత్రిది ఎట్టి పరిస్థితిలోనూ మానకూడదు, ఎందుకంటే నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పళ్లకు ఆ రక్షణ ఉండదు.

ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. క్లిప్పు చుట్టూ పాచి నిలిస్తే అందులోని బాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం పంటి గట్టి పైపొర అయిన ఎనామిల్‌లోని ఖనిజాలను కరిగిస్తుంది. పీహెచ్ (ఆమ్లం ఎంతుందో చెప్పే కొలత, అది తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సుమారు 5.5 కంటే కిందకి దిగినప్పుడల్లా ఇది జరుగుతుంది. సుద్దలాంటి తెల్ల మచ్చ నాలుగు వారాల్లోనే కనబడొచ్చు, అంటే ఒక అపాయింట్‌మెంట్‌కీ ఇంకోదానికీ మధ్యలోనే. క్లిప్పులు తీసిన రోజు పళ్లు చక్కగా వరుసలో ఉండి, ఒక్కో పంటి మీదా క్లిప్పు ఆకారం చుట్టూ తెల్లటి చట్రం మిగిలిపోయిన పిల్లలను చూశాను. అంతకాలం ఓపిక పట్టి చివరికి అద్దంలో అది చూసుకున్నప్పుడు వాళ్ల ముఖాలు చూస్తే నాకు చాలా బాధేస్తుంది. కొన్ని మచ్చలు కాలం గడిచేకొద్దీ తేలికపడతాయి, కొన్ని పోవు. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

పేస్టులో ఫ్లోరైడ్ 1350 నుంచి 1500 పీపీఎం ఉండేలా చూడండి, ట్యూబు వెనక రాసి ఉంటుంది. తోమాక నురుగు ఉమ్మేసి ఊరుకోవాలి. నీళ్లతో పుక్కిలిస్తే ఫ్లోరైడ్ కూడా కొట్టుకుపోతుంది.

వెన్నెలవాకిలి
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, చాలా థాంక్సండీ. ఇంకో రెండు సందేహాలు. పళ్లు కదులుతున్నట్టున్నాయని పాప అంటోంది, ముట్టుకుంటే నిజంగానే కొంచెం ఊగుతున్నాయి. ఇది మామూలేనా? ఇంకొకటి, నీళ్లు చిమ్మే మిషన్ కొంటే బ్రష్ బాధ తప్పుతుందని మా బంధువులు అంటున్నారు.

నలభైల్లో
రెండోదానికి నేను చెబుతాను. నాకు నలభై దాటాక క్లిప్పులు పెట్టారు. అంతకుముందు చిగుళ్ల జబ్బు ఏమైనా ఉందేమో చూసి, శుభ్రం చేశాకే మొదలుపెట్టారు. పెద్దవాళ్లలో ఇది తప్పనిసరిగా చూడాలి. నా దగ్గర వాటర్ ఫ్లాసర్ ఉంది, రోజూ వాడతాను. ఇరుక్కున్న తిండి ముక్కలను, చిగురు అంచున ఉన్నదాన్ని బాగా తీసేస్తుంది. కానీ పంటికి అంటుకున్న జిగట పాచి నీళ్ల ధారకి పూర్తిగా పోదు. అది బ్రష్ రుద్దితేనే పోతుంది. కాబట్టి మిషన్ బ్రష్‌కు తోడు, బ్రష్‌కు బదులు కాదు. కొనలేకపోయినా బాధపడకండి, ఇంటర్‌డెంటల్ బ్రష్ సరిగ్గా వాడితే చాలు.

తెల్లకోటు
అవును, సరిగ్గా చెప్పారు. పళ్లు ఊగడం గురించి: పన్నును ఎముకకు పట్టి ఉంచే పీచులు ఒత్తిడికి కొంచెం వెడల్పవుతాయి. తీగ నెట్టే వైపు ఎముక కరుగుతుంది, వెనక వైపు కొత్త ఎముక పేరుకుంటుంది. అలా నెలకు దాదాపు ఒక మిల్లీమీటరు కదులుతుంది. కొద్దిగా ఊగడం అందులో భాగమే, భయం లేదు. ఒక్క పన్ను మాత్రమే మిగతావాటికంటే బాగా ఎక్కువగా ఊగినా, రంగు మారినా చూపించండి.

మందు విషయం కూడా చెప్పాలి. పారాసెటమాల్ పాప వయసుకీ బరువుకీ తగిన మోతాదులో ఇవ్వొచ్చు. ఐబూప్రొఫెన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలను తగ్గిస్తాయి, పన్ను కదలడానికి ఎముకలో జరిగే పనికి అవి కావాలి. అందుకని చాలామంది డాక్టర్లు ముందు పారాసెటమాలే చెబుతారు.

గోల్‌కీపర్
ఆంటీ, బుగ్గ ఒరుసుకోవడానికి వ్యాక్స్ ఉంది కదా, క్లినిక్‌లో అడిగితే ఇస్తారు. అది అంటడం లేదని చాలామంది పారేస్తారు. కిటుకు ఏంటంటే క్లిప్పు తడిగా ఉంటే అంటదు. ముందు దూదితో గానీ టిష్యూతో గానీ క్లిప్పును పొడిగా తుడవాలి. తర్వాత బఠాణీ గింజంత వ్యాక్స్ తీసుకుని వేళ్ల మధ్య ఉండ చేసి మెత్తబడ్డాక క్లిప్పు మీద నొక్కాలి. పొరపాటున మింగినా ఏం కాదు. తోముకునే ముందు తీసేసి, తర్వాత కొత్తది పెట్టుకోవాలి. రెండు మూడు వారాల్లో బుగ్గ లోపల చర్మం కొంచెం గట్టిపడుతుంది, అప్పుడు దీని అవసరం తగ్గుతుంది. పుండు పడితే గోరువెచ్చని నీళ్లలో ఉప్పు వేసి పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది.

పాప ఆటలు ఆడుతుంటే మౌత్‌గార్డ్ తప్పకుండా ఉండాలి. బంతి మూతికి తగిలితే పెదవి నేరుగా క్లిప్పుల మీద పడి చీరుకుపోతుంది. వేడినీళ్లలో ముంచి కొరికి బిగించుకునే రకం కొనొద్దు ఆంటీ. పళ్లు కదులుతుంటే అది సరిపోకుండా పోతుంది, పైగా క్లిప్పులకు పట్టేస్తుంది. క్లిప్పులు ఉన్నవాళ్ల కోసమే చేసినవి ఉంటాయి, డాక్టర్‌ని అడిగి తీసుకోండి.

అక్షయ_వి
నా సమస్య తీగ చివర. పళ్లు కదిలేకొద్దీ వెనక తీగ బయటకు పొడుచుకొచ్చి బుగ్గలో గుచ్చుకుంటోంది. అపాయింట్‌మెంట్ ఇంకా దూరం ఉంది. మా అన్నయ్య గోళ్ల కత్తెరతో కత్తిరించేద్దాం అంటున్నాడు. చెయ్యొచ్చా?

గోల్‌కీపర్
నాకు ఇది మామూలే. పెన్సిల్ వెనక ఉండే రబ్బరుతో మెల్లగా పంటి వైపు వంచి పెడతాను, పైన వ్యాక్స్. చాలాసార్లు అంతటితో సరిపోతుంది. కత్తెర దాకా ఎప్పుడూ వెళ్లలేదు.

నలభైల్లో
కత్తిరించడం నాకు ఇష్టం లేదు. ముక్క గొంతులోకి వెళ్తే? పైగా ఆ తీగ సన్నగా కనిపిస్తుంది గానీ మామూలు కత్తెరకు తెగదు, లాగి క్లిప్పును కదిలించేస్తారు.

తెల్లకోటు
నేనూ కత్తిరించకుండా ఉండటమే మేలంటాను. అక్షయ గారూ, ముందు క్లినిక్‌కి ఫోన్ చెయ్యండి. తీగ గుచ్చుకుంటోందని చెబితే మధ్యలో రమ్మంటారు, దానికి అపాయింట్‌మెంట్ దాకా ఆగక్కర్లేదు. కత్తిరించడం మరీ దారిలేనప్పుడు, క్లినిక్ వాళ్లు ఫోన్లో ఎలాగో చెబితేనే. అప్పుడు కూడా ముక్క నోట్లో పడకుండా టిష్యూ అడ్డం పెట్టుకోవాలి.

ఒకవేళ ఏదైనా ముక్క మింగారనుకోండి, మామూలుగా అదే బయటకు పోతుంది, ఫోన్ చేసి చెబితే చాలు. దగ్గు ఆగకపోయినా, ఊపిరి తీసుకోవడం కష్టంగా ఉన్నా మాత్రం వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

నలభైల్లో
రబ్బర్ల గురించి ఎవరూ రాయలేదు, అందుకని నేను రాస్తాను. పై క్లిప్పు కొక్కెం నుంచి కింది క్లిప్పు కొక్కేనికి తగిలించే చిన్న రబ్బర్లు. పళ్ల కలయికను సరిచేసేవి ఇవే. మా డాక్టర్ రోజుకు 20 నుంచి 22 గంటలు పెట్టుకోమన్నారు, తోముకునేటప్పుడు, కొందరైతే తినేటప్పుడు మాత్రమే తీసేది. రోజూ కొత్తవి మార్చాలి, ఎందుకంటే నోట్లో నానితే సాగి వాటి పట్టు తగ్గిపోతుంది. ఒక రోజు పెట్టుకుని ఒక రోజు మానితే పన్ను ముందుకీ వెనక్కీ ఊగుతుందే తప్ప కుదురుకోదు. మానిన రోజుకు బదులుగా రెండేసి పెట్టుకోవడం అస్సలు వద్దు, ఆ అదనపు ఒత్తిడి పంటి వేరుకు మంచిది కాదు. లేటెక్స్ (సహజ రబ్బరు) పడనివాళ్లు ముందే చెప్పాలి, వేరే రకం ఇస్తారు. నేను ఒక ప్యాకెట్ బ్యాగులో, ఒకటి ఆఫీసు డ్రాయర్లో పెట్టుకుంటాను. తెగినప్పుడు చేతికి అందకపోతే ఆ రోజంతా వృథా.

వేణునాదం
క్లిప్పులతో ఫ్లూట్ వాయించొచ్చా అని మొదట్లో చాలా దిగులుపడ్డాను. వాయించొచ్చు. పెదవి ఆనే తీరు మారుతుంది కాబట్టి కొన్ని వారాలు స్వరం నిలకడగా రాదు. ముందు క్లిప్పుల మీద వ్యాక్స్ పెట్టుకుని, రోజూ కొద్దికొద్దిసేపే సాధన చెయ్యండి. పెదవి పగిలేదాకా వాయించొద్దు.

అక్షయ_వి
క్లినిక్‌కి ఫోన్ చేస్తే ఈరోజే రమ్మని తీగ కత్తిరించారు. క్షణాల్లో అయిపోయింది. అందరికీ థాంక్స్. ఇంకోటి అడగొచ్చా? కూల్‌డ్రింక్స్ పూర్తిగా మానాలా? స్ట్రాతో తాగితే పర్లేదని మా ఫ్రెండ్ అంటోంది.

తెల్లకోటు
స్ట్రా వల్ల కొంత తగ్గుతుంది, పూర్తిగా కాదు. చక్కెర లేనివి కూడా ఆమ్లమే. ఎంత తాగామన్నదానికంటే ఎన్నిసార్లు తాగామన్నది ముఖ్యం. ఒక సీసా పక్కన పెట్టుకుని మధ్యాహ్నమంతా గుక్క గుక్క తాగితే పళ్లకు తేరుకునే తీరికే ఉండదు. ఎప్పుడైనా తాగాలనిపిస్తే భోజనంతో పాటు ఒకేసారి తాగెయ్యండి, తర్వాత నీళ్లు తాగండి. వెంటనే తోమకండి, అరగంట ఆగాలి, ఆమ్లానికి మెత్తబడిన ఎనామిల్‌ను బ్రష్ అరగదీస్తుంది. మిగతా వేళల్లో దాహానికి నీళ్లే.

వెన్నెలవాకిలి
పాపతో కలిసి అద్దం ముందు కూర్చుని తెల్లకోటు గారు చెప్పినట్టే చేస్తున్నాం. భయం పోయింది. కానీ తోమేటప్పుడు చిగుళ్ల నుంచి కొంచెం రక్తం వస్తోంది. అక్కడ తోమడం ఆపాలా?

తెల్లకోటు
ఆపొద్దండీ. పాచి నిలిచి చిగురు వాచినప్పుడే రక్తం వస్తుంది. మెత్తటి బ్రష్‌తో అక్కడే ఇంకా జాగ్రత్తగా తోమితే వారం పది రోజుల్లో తగ్గాలి. చిగురు ఉబ్బి క్లిప్పు మీదకి వస్తున్నట్టుంటే మాత్రం చూపించండి. పాచి ఎక్కడ మిగులుతోందో పాపకే కనబడాలంటే, పాచికి రంగు పట్టించే బిళ్లలు మందుల షాపులో దొరుకుతాయి. ఒకటి నమిలి ఉమ్మేస్తే మిగిలిన చోటల్లా రంగు తేలుతుంది. పిల్లలకు మన మాటకంటే అది బాగా పనిచేస్తుంది.

నీలిగాలి
ఇది ఇప్పుడే ఎందుకనుకోకండి, క్లిప్పులు తీశాక పళ్లను కొత్త చోటే పట్టి ఉంచే రిటైనర్ ఇస్తారు, దాని గురించి ముందే పాపకు చెప్పి ఉంచండి. చిగురులోని పీచులు కొత్త చోటికి అలవాటుపడటానికి ఏడాది దాకా పడుతుంది, ఆలోపు వదిలేస్తే పళ్లు పాత దారి పడతాయి. ఆ తర్వాత కూడా రాత్రిళ్లు పెట్టుకుంటూనే ఉండాలి. నేను ఇప్పటికీ పెట్టుకుంటున్నాను. దాన్ని వేడినీళ్లతో కడగకూడదు, ఆకారం చెడిపోతుంది. తినేటప్పుడు తీసి టిష్యూలో చుట్టి పక్కన పెడితే చెత్తతో పాటు వెళ్లిపోతుంది, డబ్బా ఎప్పుడూ వెంట ఉండాలి.