సమస్య: "పాము చచ్చె, గెలుపు పాముదయ్యె"

సీతమ్మధార (నిర్వహణ): ఈ వారం సమస్యాపూరణకి ఆటవెలది చివరి పాదం ఇస్తున్నాను, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. పాము–చచ్చె–గెలుపు–పాము–దయ్యె, అయిదూ సూర్యగణాలే (గురువు–లఘువు, లేదా మూడు లఘువులు). నాలుగో గణం మొదట యతి, అంటే అక్కడి అక్షరం పాదం మొదటి అక్షరంతో హల్లులోనూ అచ్చులోనూ పొత్తు కుదరాలి. చచ్చినవాడికి గెలుపెలా వచ్చిందో మీరే చెప్పాలి.

నేపథ్యం 1981లో మాథ్యూ రాబిన్స్ తీసిన ‘డ్రాగన్‌స్లేయర్’ సినిమా. మన ఏకచక్రపురంలో బకాసురుడికి ఇంటికో వంతు. అక్కడ రెక్కల పాముకి (డ్రాగన్‌కి) కన్నెపిల్లల పేర్లతో చీటీ. రాజుగారి కూతురి పేరు మాత్రం చీటీల్లో పడదు. చివర్లో పాము చచ్చాక రాజు తాపీగా వచ్చి కళేబరంలో కత్తి దించి, చంపింది తానేనని చాటించుకుంటాడు. నాకు ఆ పాము ఉండే చీకటి గుహ కంటే ఈ ఘట్టానికే ఎక్కువ భయం వేసింది.

గాజువాక:
చీట్లు వేసి పిల్లఁ జేజేతులా పంపు
రాజ నీతి చూడ రగిలె గుండె;
శవముఁ బొడిచి రాజు శౌర్యమ్ము చాటగా
పాము చచ్చె, గెలుపు పాముదయ్యె!

సీతమ్మధార: మాస్టారూ, ఎత్తుగడ బాగుంది. చీ–జే యతి చక్కగా కుదిరింది. కానీ సమస్య విడలేదండి. గెలిచిన పాము ఎవరు? రాజేనని మీ మనసులో ఉంది, పద్యంలోకి రాలేదు. గుండె రగలడం పాఠకుడికి వదిలేసి, రెండో పాదం ఇలా మార్చి చూడండి: "రాజె యసలు పాము రాజ్యమందు". అప్పుడు చచ్చిన పాము ఒకటి, గెలిచిన పాము ఇంకొకటి.

గాజువాక: ఒప్పుకున్నానండీ. అదే ఉంచుతాను.

మధురవాడ:
బొమ్మ పాము కదల భువి యెల్ల బెదరగా
కథను శూరు పేరు గాలిఁ గలిసె;
తెరను వీడి మదిని దీర్ఘకాలము నిల్చె;
పాము చచ్చె, గెలుపు పాముదయ్యె!

సీతమ్మధార: ఇది సినిమా తెలిసినవారి పూరణ. సినిమాలో బొమ్మ నడవాలంటే మామూలుగా దాన్ని కాస్త కదిపి, ఆపి, ఒక్కో ఫ్రేము తీస్తారు. ఆపి తీస్తారు కాబట్టి ప్రతి ఫ్రేమూ నిక్కచ్చిగా పడి, నడక కుదుపుల్లా కనిపిస్తుంది. ‘డ్రాగన్‌స్లేయర్’లో గో మోషన్ అనే పద్ధతి వాడారు. షట్టర్ తెరిచి ఉండగానే మోటార్లు బొమ్మని కదుపుతాయి. పరిగెత్తే కుక్కని ఫొటో తీస్తే కాళ్ల దగ్గర పడే మసక ఉంటుందే, అది పాము రెక్కకీ పడుతుంది. ప్రాణం వచ్చింది ఆ మసకతోనే. మీ "కదల" అన్న మాటలో ఇదంతా ఉందమ్మా. మూడో పాదానికి కర్త లేదు, అదొక్కటే లోటు.

భీమిలి:
కడలిఁ జొచ్చినట్టి కొండ ముక్కును జూచి
పాము లేచె ననుచు బాల జడిసె;
మంచు తొలగె గాని మది వీడ లేదాయె;
పాము చచ్చె, గెలుపు పాముదయ్యె!
మా పాప మాటే ఇది. తెల్లవారుజామున విశాఖ ఆర్కే బీచ్‌లో నిలబడి, మంచులో డాల్ఫిన్స్ నోస్ కొండ చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. దాని మీది లైట్‌హౌస్ వెలిగి ఆరుతుంటే "అదిగో, కన్ను" అంది.

సీతమ్మధార: మొదటి పాదంలో క–కొ యతి చెల్లదు. హల్లు కలిసినా అచ్చు కలవలేదు. "కొండ" బదులు "గట్టు" అంటే సరి. అంతకంటే పెద్ద పొరపాటు, ఆ కన్నుని పద్యం బయట వదిలేశారు! అదే ప్రాణం కదండీ.

భీమిలి: సవరించాను, చూడండి.
కడలిఁ జొచ్చినట్టి గట్టు ముక్కునఁ బొంచి
పాము కన్ను తెఱచె, బాల జడిసె;
మంచు తొలగె గాని మది వీడ లేదాయె;
పాము చచ్చె, గెలుపు పాముదయ్యె!