మా మండలం విత్తన క్షేత్రం బీడు పడుతోంది: ఎవరిని అడగాలి, ఏమని అడగాలి?

డెల్టా రైతు (ప్రశ్న):
అందరికీ నమస్కారమండీ. మా మండలంలో వ్యవసాయ శాఖ వారి విత్తన క్షేత్రం ఉంది, పాతిక ఎకరాలు. మా నాన్నగారి రోజుల్లో స్వర్ణ వరి విత్తనం అక్కడి నుంచే బండి కట్టి తెచ్చుకునేవాళ్ళు. ఇప్పుడు సగం మడుల్లో తుంగ, గట్ల మీద సర్కారు తుమ్మ. పంటబోదె పూడిపోయి నీళ్ళు చివరి మడులదాకా ఎక్కడం లేదు. ఈ భూమి ఇళ్ళ స్థలాలకు పోతుందని కొందరు, ప్రైవేటు విత్తన కంపెనీకి లీజుకిస్తారని కొందరు అంటున్నారు. పండని భూమి ఉంటే ఎంత, పోతే ఎంత అనేవాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో కొంతమందిమి కలిసి అర్జీ పెడదామనుకుంటున్నాం. ఊరికే "కాపాడండి" అని రాస్తే పక్కన పడేస్తారు. ఏం అడగాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

ఫారం మేనేజరు, రిటైర్డు:
ముందు ఆ భూమి ఎవరిదో కాగితం మీద తేల్చుకోండి. బయటికి అన్నీ "గవర్నమెంటు ఫారం"లే. కానీ వ్యవసాయ శాఖ విత్తన క్షేత్రం వేరు, వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన స్థానం వేరు, కృషి విజ్ఞాన కేంద్రం వేరు. డబ్బు వచ్చే దారి, నిర్ణయం తీసుకునే చోటు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటాయి. అడంగల్, 1బీ భూమి రికార్డులు తీయించి ఏ సర్వే నంబరు ఏ శాఖ పేరున ఉందో చూడండి. పాత క్షేత్రాల్లో కొన్ని సర్వే నంబర్లు శాఖ పేరున, కొన్ని ఉత్త "ప్రభుత్వ భూమి"గా ఉండొచ్చు. ఆ రెండో రకం నంబర్లకే ముందు గండం.

మీరు చెప్పింది పాతిక ఎకరాలు కాబట్టి అది రెండో పంచవర్ష ప్రణాళిక నాటిదే అయ్యుండొచ్చు. 1956-61 మధ్య బ్లాకుకో పాతిక ఎకరాల విత్తన క్షేత్రం పెట్టాలని దేశమంతటా తలపెట్టారు. ఆ ఆలోచన మంచిదే. అయితే అంత చిన్న క్షేత్రానికి సొంత ట్రాక్టరు, గోదాము, శుద్ధి యంత్రం, సిబ్బంది అన్నీ పెడితే ఖర్చు గిట్టదు. చాలా క్షేత్రాలు నష్టాల లెక్కల్లోకి వెళ్ళింది ఇందుకే.

ఇక బీడు ఎందుకు పడుతుందో చెబుతాను, అర్జీలో ఇదే కీలకం. వరికి నారు పోయాల్సింది జూన్‌లో. బడ్జెట్ విడుదలయ్యేసరికి ఆలస్యమవుతుంది. ఈలోగా కూలీలకు ఇవ్వడానికి చేతిలో పైసా ఉండదు. పంట అమ్మిన డబ్బేమో ఖజానాకు జమ అవుతుంది, మళ్ళీ క్షేత్రానికి రాదు. పైగా ఫీల్డు సిబ్బంది రిటైరైతే ఆ పోస్టు నింపరు. అదును దాటాక వేసిన పంట పండదు. పండలేదు కాబట్టి దండగ అని ఫైలు మీద రాస్తారు. భూమి చెడ్డదై కాదు, చేతికి డబ్బు వేళకు అందక చెడుతుంది.

కాబట్టి అర్జీలో మొదట అడగాల్సింది రివాల్వింగ్ ఫండ్. కృషి విజ్ఞాన కేంద్రాలకు ఆ ఏర్పాటు ఉంది. విత్తనం అమ్మిన డబ్బు ఆ ఖాతాలోనే ఉండి వచ్చే పంట పెట్టుబడికి వాడుకుంటారు. మా క్షేత్రానికీ అలాంటి ఖాతా కావాలని రాయండి. పూడిన బోదె తవ్వించమని అడిగితే ఈ ఏటికి పని జరుగుతుంది, ఖాతా అడిగితే ఏటా జరుగుతుంది.

విత్తన రైతు:
నా ప్రశ్న సూటిగానే అడుగుతానండీ. ఇప్పుడు విత్తనం ఎక్కడంటే అక్కడ దొరుకుతోంది. తోటి రైతు దగ్గర మార్చుకునేవాళ్ళూ ఎక్కువే. మరి ఈ క్షేత్రం అవసరం ఏమిటి? అధికారి ఇదే అడుగుతాడు, మన దగ్గర జవాబు ఉండాలి కదా.

ఫారం మేనేజరు, రిటైర్డు:
అడగాల్సిన ప్రశ్నే అడిగారు. మీరు కొనే నీలం ట్యాగు ధ్రువీకరణ విత్తనం దేని నుంచి వచ్చింది? తెల్ల ట్యాగు మూల విత్తనం నుంచి. మూల విత్తనం పసుపు ట్యాగు బ్రీడర్ విత్తనం నుంచి. బ్రీడర్ విత్తనం మారుటేరు, బాపట్ల లాంటి పరిశోధన స్థానాల్లో పండుతుంది. స్వర్ణ (ఎంటీయూ 7029) 1982లో మారుటేరు నుంచి, సాంబ మసూరి (బీపీటీ 5204) 1986లో బాపట్ల నుంచి వచ్చాయి. ఇన్నేళ్ళయినా ఆ రకాలు ఇంకా ఆ రకాలుగానే ఉన్నాయంటే, ప్రతి మెట్టులోనూ ఎవరో ఒకరు చేలో దిగి బెరుకులు (రకం కాని మొక్కలు) ఏరారన్నమాట. మీ క్షేత్రం ఈ మెట్లలో నడిమిది.

లెక్క వేయండి. ఎకరానికి శుద్ధి చేసిన విత్తనం 20 క్వింటాళ్ళు వస్తుందనుకోండి. ఎకరాకు 20 కిలోలు వాడితే అది నూరెకరాలకు సరిపోతుంది. పాతికలో 20 ఎకరాల్లో మూల విత్తనం పండిస్తే 2,000 ఎకరాల్లో ధ్రువీకరణ విత్తనం పండించొచ్చు. ఆ విత్తనం 2 లక్షల ఎకరాలకు వస్తుంది. ఇంత లాభం ఏ ఒక్క క్షేత్రం జమాఖర్చులోనూ కనపడదు. అందుకే ఈ లెక్క అర్జీలో మీరే రాయాలి.

బెరుకుల సంగతి కూడా కొంచెం చెప్పాలి. పూత దశలో తెల్లవారుజామున మడిలో వరసగా నడవాలి. నాలుగంగుళాలు పైకి లేచిన మొక్క, పోటాకు (కంకి కిందుండే చివరి ఆకు) వాలిన మొక్క, ముల్లున్న గింజ, రెండు రోజులు ముందే కంకి తొంగిచూసిన దుబ్బు కనపడాలి. కంకి తుంచితే చాలదు, దుబ్బు వేళ్ళతో సహా పీకి గట్టు దాటించాలి. వరి మూల విత్తన క్షేత్రంలో బెరుకులు 0.05 శాతం మించకూడదు, ధ్రువీకరణలో 0.20 శాతం దాకా ఒప్పుకుంటారు. అంటే మూల విత్తనం చేలో రెండు వేల మొక్కల్లో ఒకటే. అంత శ్రద్ధ లాభం ఒక్కటే చూసుకునే చోట నిలబడటం కష్టమని నా నమ్మకం.

సమాచార హక్కు కార్యకర్త:
అర్జీకి ముందు సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్ర నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. "ఎందుకు బీడు పెట్టారు?" అని అడగొద్దు, అభిప్రాయం చెప్పనక్కర్లేదని తిప్పి పంపేస్తారు. కాగితాలు అడగండి: గత ఐదేళ్ళలో సీజన్ల వారీగా వేసిన రకం, విస్తీర్ణం, దిగుబడి, ఎక్కడికి ఎంత విత్తనం పంపారో, మంజూరైన పోస్టులు, ఖాళీలు, నిధులు విడుదలైన తేదీలు, భూమి బదిలీ లేదా లీజు మీద నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాల నకళ్ళు. ఆ తేదీలు నారు పోసే అదును పక్కన పెట్టి చూపిస్తే పై మిత్రులు చెప్పింది తానే రుజువవుతుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే ఆ తర్వాత 30 రోజుల లోపు మొదటి అప్పీలు వేయాలి. రికార్డులు కూర్చుని చూసుకునే హక్కు కూడా ఉంది, వాడుకోండి.

డెల్టా రైతు:
చాలా మేలు చేశారండీ. ఇంకొక్క మాట. భూమి తీసుకున్నా ఇంకో చోట అంతే భూమి ఇస్తామంటే ఒప్పుకోవచ్చా? లీజు సంగతేంటి?

ఫారం మేనేజరు, రిటైర్డు:
విత్తన క్షేత్రానికైతే నీటి వసతి, నేల, దారి సమానంగా ఉంటే మాట్లాడొచ్చు. అదీ కొత్త చోట పంట మొదలయ్యాకే పాతది వదలాలి. ప్రయోగాలు చేసే భూమి విషయంలో మాత్రం ససేమిరా ఒప్పుకోకూడదు. ఏ మడికి ఏ ఎరువు ఎంత వేశారన్న చరిత్రే అక్కడి ఆస్తి. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్‌లో 1843లో మొదలైన గోధుమ ప్రయోగం అదే చేలో ఇప్పటికీ నడుస్తోంది. కోయంబత్తూరులో 1909 నాటి ఎరువుల ప్రయోగం ఉంది. అలాంటి మడి ఒక్కటి పోతే దాని బదులు వెయ్యెకరాలిచ్చినా ఆ వందేళ్ళు రావు. కొత్త భూమి తీసుకున్నా ముందు కొన్ని పంటలు ఒకే తీరున వేసి, ఎక్కడ సారం ఎక్కువో ఎక్కడ తక్కువో తెలుసుకున్నాకే ప్రయోగం వేయాలి.

ఈ బెంగ మీ ఒక్క ఊరిదే కాదు. 1906 నాటి నంద్యాల పరిశోధన స్థానం భూమిలోంచి వైద్య కళాశాలకు ఇవ్వబోతే రైతులు రోడ్డెక్కారు. తెలంగాణలో రాజేంద్రనగర్ దగ్గర విశ్వవిద్యాలయాల భూముల్లో 100 ఎకరాలు కొత్త హైకోర్టుకు ఇచ్చినప్పుడు విద్యార్థులు నిరసన తెలిపారు. ఆసుపత్రి, కోర్టు రెండూ కావాల్సినవే. అయితే భవనం వేరే చోట కట్టొచ్చు.

లీజు మాటకొస్తే, కంపెనీకి మొత్తం అప్పగించడం కంటే రైతు ఉత్పత్తిదారుల సంఘంతో ఒప్పందం మేలు. షరతులు రాయించండి: భూమి శాఖ పేరునే ఉండాలి, మూల విత్తనమే పండించాలి, ధ్రువీకరణ తనిఖీలు తప్పకూడదు, కోత మిషను ముందు రకం గింజ లేకుండా దులిపాకే దిగాలి, పండిన విత్తనంలో ఇంత శాతం మండల రైతులకు ముందు ఇవ్వాలి. ఒప్పందం మూడేళ్ళకు మించొద్దు. అంతకంటే ఎక్కువైతే ఆ భూమి ఎవరిదో ఊరు మరిచిపోతుంది.

విత్తన రైతు:
అర్జీ ఎవరికి ఇవ్వాలో కూడా చెప్పండి.

ఫారం మేనేజరు, రిటైర్డు:
జిల్లా వ్యవసాయ అధికారికి, నకలు కలెక్టరుకు. గ్రామసభలో తీర్మానం చేయించి జత చేయండి. ఖరీఫ్‌కు ముందు పరిశోధన స్థానంలో ప్రాంతీయ పరిశోధన, విస్తరణ సలహా మండలి సమావేశం జరుగుతుంది. శాఖవాళ్ళు, శాస్త్రవేత్తలు ఒకే చోట కూర్చుంటారు, రైతులకూ మాట్లాడే వీలుంటుంది. మీ దగ్గరి ఏరువాక కేంద్రంలో (విశ్వవిద్యాలయం వారి జిల్లా సలహా కేంద్రం) తేదీ కనుక్కుని ఇద్దరు ముగ్గురు వెళ్ళండి. నిధుల తేదీల కాగితం, 2 లక్షల ఎకరాల లెక్క, గ్రామసభ తీర్మానం, ఈ మూడూ వెంట పట్టుకెళ్ళండి.